ఒకే పేరు రెండుసార్లు

ఫహాహీల్ దాటాక మంగాఫ్ క్యాంపు.
రాత్రి పదకొండున్నర.
ఏసీ నీళ్లు ఖాళీ నూనె డబ్బాలోకి పడుతున్నాయి, లెక్క తప్పకుండా.
పరంజీ కంపెనీలో టైమ్‌కీపర్ని నేను.
పగలు మనుషుల్ని గంటల్లోకి మారుస్తాను.
రాత్రిళ్లు ఒక చిన్న భాష కడుతున్నాను.
పేరు గవ్వ.
లిస్పు జాతిదే. వాళ్లింట్లో అందరికీ ఉన్నట్టే
దీనికీ రెండు వంపులు, మధ్యలో ఏదైనా.

మూట కట్టడం దానికి వారం కిందటే వచ్చేసింది:
(దస్తగిరి 14 రాత్రి 8 2)
పేరు, గది, షిఫ్టు, గంటలు, ఓవర్‌టైము.
ఇవాళ్టి పని విప్పడం.
ఇన్నాళ్లూ
మొదటిది తీయి, మిగతాదాంట్లో మొదటిది తీయి,
ఆ మిగతాదాని మిగతాదాంట్లో మొదటిది తీయి
అని రాసేవాణ్ణి,
క్యారియర్లో అడుగు గిన్నె కోసం
పై గిన్నెలన్నీ మంచం మీద పరిచినట్టు.

ఇప్పుడు మూట ఏ ఆకారంలో ఉందో
ఆ ఆకారాన్నే ఎడమపక్కన గీస్తాను.
విలువలుండే చోట పేర్లు పెడతాను.
తొమ్మిదో తరగతిలో విశాలాక్షి టీచరు
విగ్రహవాక్యం చెప్పమని నిలబెట్టి
చెప్పిందీ ఇదే:
అతికిన చోట విప్పితే పదాలు, ఇంకెక్కడ విరిచినా పెంకులు.

మిగతావాటికి చుక్క పెట్టాను.
చుక్క తర్వాత ఎన్నున్నా సరే, ఏమీ లేకున్నా సరే.
"ఊరికి డబ్బులు పంపినాక నా జేబు మాదిరి"
అన్నాడు ఓబులేసు, భుజం మీంచి తొంగి చూసి.
అక్కర్లేని చోట అడ్డగీత.
దానికి పేరుండదు, ఎవరూ గుర్తుంచుకోరు,
కానీ అక్కడ ఒకటి ఉండి తీరాలి.
లేకపోతే వరుస మొత్తం కుదరదు.
ఇది రాశాక కాసేపు ఊరికే కూర్చున్నాను.

బ్రాకెట్లు గుండ్రటివా, చదరపువా?
ఆఫీసు పారేసిన కీబోర్డు ఇది.
చదరపువి జీమ్, దాల్ అక్షరాల పక్కన అరిగిపోయాయి.
గుండ్రటివే ఉంచాను.
పద్దులు రాసే హమ్దీ కుడి నుంచి చదువుతాడు,
నేను మూసిన చోట అతనికి తెరుచుకుంటుంది.

అసలు చిక్కు ఒంటిగంటకు వచ్చింది.
ఒకే నమూనాలో ఒకే పేరు రెండుసార్లు రాస్తే?
కొన్ని భాషల్లో రెండోది మొదటిదాన్ని
చప్పుడు కాకుండా తుడిచేస్తుంది.
కొన్నింట్లో రెండూ సమానమైతేనే కుదిరినట్టు.
రెంటికీ వాదించేవాళ్లున్నారు, నేనూ వాదించగలను.

పద్నాలుగో గదిలో దస్తగిరులు ఇద్దరు.
ఒకరిది మైదుకూరు, ఒకరిది కమలాపురం.
మార్చిలో జీతాల పట్టిక వాళ్లను కలిపేసింది.
కమలాపురం ఆయనకు రెండు జీతాలు.
మైదుకూరు ఆయనకు సున్నా కూడా కాదు,
వరుసే లేదు.
కవరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి
"మిషనుకు తెలీదనుకో, నాకు తెలీదా సామీ" అన్నాడు కమలాపురం ఆయన.
పొరపాటు నాది. మిషను అని తనే అన్నాడు.

గదిలో వాళ్లను ఎవరూ కలపరు.
దగ్గు దస్తగిరి, పాటల దస్తగిరి.
పేరు పెట్టింది ఎవరో కూడా ఎవరికీ తెలీదు.

తుడవడం తీసేశాను.
సమానమనుకోవడమూ తీసేశాను.
రెండోసారి అదే పేరు కనిపిస్తే గవ్వ ఆగుతుంది.
తప్పు చూపే మాట తెలుగులోనే రాశాను:
ఈ పేరు ఇక్కడ ఇద్దరికుంది. ఎవరు ఎవరో చెప్పు.
నడిపి చూశాను. ఆగింది.
మార్చి పట్టిక ఇచ్చాను. ఆగింది.
మూటలో మూట సంగతి రేపు.

నాలుగుంపావుకు బస్సు హారన్.
కరెంటు పోయిన వరండాలో పాటల దస్తగిరి
బూట్ల కోసం తడుముతున్నాడు.
ఒక జతలో కాలు పెట్టాడు, ఆగాడు,
విప్పి, గోడవారగా సర్ది పెట్టి,
లోపలికి కేకేశాడు:
"ఒరే, నీవి ఇక్కడుండాయి."